ముందు వరుసలో జుమానా

తండ్రి చనిపోయేనాటికి జుమానాకు ఇంకా పాలపళ్ళు ఊడలేదు. తల్లి అంతకుముందే పోయింది. పినతండ్రి వచ్చి ఒంటెల్ని తోలుకుపోయాడు, తోలు గుడారం చుట్టబెట్టి పట్టుకుపోయాడు, చివరికి నెయ్యి తిత్తి కూడా వదల్లేదు. మిగిలింది ఒక తిరగలి, ఒక బానిస పిల్ల. ఆ పిల్ల పేరు యుస్రా. సముద్రం అవతలి హబషా దేశం నుంచి తెచ్చిన బానిసకు మక్కాలో పుట్టింది. తిరగలికి అటొకరు ఇటొకరు కూర్చుని బార్లీ విసురుతూ పెరిగారు ఇద్దరూ. ఈడు రాగానే జుమానాను తోళ్ళ వర్తకుడు కురైజ్‌కు ఇచ్చి చేశారు. అత్తవారింటికి ఆమె వెంట వెళ్ళినవి ఆ రెండే. నలుగురిలో యుస్రా ఆమెను "అమ్మగారూ" అనేది. ఇద్దరే ఉన్నప్పుడు "అక్కా" అనేది.

కురైజ్ మరీ చెడ్డవాడేం కాదు. ఇంటికి వచ్చిన అతిథికి పెట్టందే తను ముద్ద నోట పెట్టుకునేవాడు కాదు. తాయిఫ్‌కు వెళ్ళినప్పుడల్లా భార్యకు ఎండుద్రాక్ష తెచ్చేవాడు. ప్రయాణం కట్టే ముందు గూట్లో ఉన్న నల్లరాతి దేవుణ్ణి అరచేత్తో తడిమి, ఆ చెయ్యి ముఖానికి రాసుకుని బయల్దేరేవాడు. కాబా చుట్టూ కొలువైన దేవుళ్ళ కోసం ఏటా నాలుగు దిక్కుల నుంచీ తెగలు వస్తేనే అతని తోళ్ళు అమ్ముడయ్యేవి. అందుకే దేవుడు ఒక్కడేనని చెబుతున్న మనిషి ఊళ్ళో బయల్దేరాడనగానే అతనికి కడుపులో మంట పుట్టింది.

ఆ కబురు ఇంట్లోకి మొదట తెచ్చింది యుస్రా. బావి దగ్గర ఎవరో వల్లిస్తుంటే విని వచ్చింది.

"అక్కా, ఒక మాట విన్నాను. చెబితే తిడతావా?"

"తిట్టాల్సినదైతే తిడతాను. ముందు చెప్పు."

"దేవుడు ఒక్కడేనట. పెళ్ళాం బిడ్డలూ చుట్టాలూ పక్కాలూ ఎవరూ లేరట ఆయనకి."

"మరి మన గూట్లో ఉన్నాయనో?"

"ఆయన ఒట్టి రాయట."

జుమానా కిసుక్కున నవ్వి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "నెమ్మదిగా అనవే, వింటాడు."

"రాయికి చెవులెక్కడివి అక్కా? వింటే మీ ఆయన వినాలి గానీ!"

యుస్రా తిరగలిలో ఇంకో గుప్పెడు బార్లీ పోసింది. తల వంచుకునే అంది. "ఇంకోటి కూడా అన్నారు. తల్లీ తండ్రీ లేని పిల్లని గెంటేసినవాడు ఎన్ని పూజలు చేసినా బూడిదలో పోసినట్టేనట. పోయాక అందర్నీ మళ్ళీ లేపి నిలబెట్టి అడుగుతారట, ఎందుకు చేశావని."

జుమానా చేతిలో తిరగలి పిడి ఆగిపోయింది. పినతండ్రి నెయ్యి తిత్తి భుజాన వేసుకుని గుమ్మం దాటడం ఆమె కళ్ళలో మెదిలింది. అతన్ని ఎవరైనా ఏదో ఒకనాడు అడుగుతారని ఆమెకు అంతవరకూ ఎవరూ చెప్పలేదు.

"ఆ మాట మళ్ళీ చెప్పు," అంది.

ఆ తర్వాత యుస్రా ఎక్కడెక్కడో విని కంఠతా పట్టుకుని వచ్చేది, జుమానా ఆమె దగ్గర నేర్చుకునేది. నమాజు కూడా అలాగే నేర్చుకుంది. కురైజ్ బజారులో ఉండే మిట్టమధ్యాహ్నం వేళ, ఇంటి వెనక తోళ్ళు దాచే కొట్లో, ఇద్దరూ పక్కపక్కన నిలబడేవారు. చెమటా, తోళ్ళకు పట్టించిన తుమ్మబెరడు వాసనా కలిసి ముక్కు పగిలిపోయేది. అయినా నుదురు నేలకు ఆనించగానే లోపల ఏదో చల్లబడేది. అక్కడ యజమానురాలూ లేదు, బానిసా లేదు. రెండు నుదుళ్ళూ ఒకే మట్టి మీద ఉండేవి. జుమానాకు మొదట్లో అది కొంచెం ఇబ్బందిగా ఉండేది. పోనుపోను అదే హాయిగా అనిపించింది.

ఒక మధ్యాహ్నం అలా సజ్దాలో, నుదుళ్ళు నేలకు ఆనించి ఉండగా వీధి తలుపు కిర్రుమంది. కురైజ్ చెప్పు వారు తెగిందట, దారిలోంచి వెనక్కి వచ్చాడు. ఒక కాలి చెప్పు ఈడుస్తూ నడిచే చప్పుడు జుమానాకు స్పష్టంగా వినిపించింది. యుస్రాకు వినిపించలేదు. ఆమె ధ్యాసంతా నమాజులో ఉంది. జుమానా చటుక్కున లేచింది. గోడకు ఆనించిన కదురు అందుకుని, ఉన్ని ఒళ్ళో వేసుకుని గుమ్మం పక్కన కూర్చుంది. యుస్రా భుజం ఆమె చేతికి అందేంత దూరంలోనే ఉంది. ఒక్కసారి తట్టి ఉంటే సరిపోయేది. తట్టలేదు. తట్టడానికి వంగితే, తను కూడా నమాజులో ఉందన్న సంగతి బయటపడుతుందేమోనన్న భయం ఒక్కటే ఆ క్షణాన ఆమెకు తోచింది.

కురైజ్ గుమ్మంలోకి వచ్చేసరికి అతని కళ్ళ ముందు ఒకతె నేలకు వంగి ఉంది, ఒకతె ఉన్ని వడుకుతోంది.

"ఏంటిది?" అన్నాడు. యుస్రా నెమ్మదిగా తల ఎత్తింది. "నా ఇంట్లోనా? నా తోళ్ళ మధ్యనా?" అంటూ మూల ఉన్న రోకలిబండ అందుకున్నాడు.

మొదటి దెబ్బ ఆమె కుడి చెవి మీద పడింది. చెవిలోంచి నెత్తురు కారి మెడ మీదికి దిగింది.

"ఎవరు నేర్పారే నీకు? ఇంట్లో ఇంకెవరున్నారు నీతో?"

యుస్రా ఒక్కసారి జుమానా వంక చూసింది. ఆ చూపులో అడగడమేమీ లేదు. జుమానా ఉందో లేదో చూసుకున్నట్టు చూసి, కళ్ళు తిప్పుకుంది.

"ఎవరూ లేరయ్యా. నేనొక్కదాన్నే."

కురైజ్ భార్య వైపు తిరిగాడు. "నీకు తెలుసా ఇది?"

"నాకేం తెలుసు?" అంది జుమానా. గొంతు మామూలుగానే వచ్చింది. అంత మామూలుగా ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు. "దాని బుర్రలో ఏం తిరుగుతోందో నేనెలా కనిపెడతాను?"

"తాడు తీసుకురా."

తెచ్చింది. ముంగిట్లో గుంజకు ఆనించి యుస్రా చేతులు వెనక్కి విరిచి అతను పట్టుకుంటే, ముడి జుమానా వేసింది. వదులుగా వేద్దామనుకుంది. అతను చూస్తున్నాడని గట్టిగా బిగించింది. ఖర్జూర పీచు తాడు యుస్రా మణికట్టు మీద ఒరుసుకుని గీరుకుపోయింది. "ముంతెడు మంచినీళ్ళు ఇవ్వు, ఒళ్ళంతా సెగలు పుడుతోంది," అన్నాడు కురైజ్ అరుగు మీద కూర్చుంటూ. తెచ్చి ఇచ్చింది. అతను తాగుతుంటే ఎండలో కట్టేసి ఉన్న యుస్రా పెదాలు నాలుకతో తడుపుకుంది. ముంతలో ఇంకా నీళ్ళున్నాయి. అత్తగారు వచ్చి నీడన కూర్చుని చూస్తోంది. జుమానా ముంత లోపలికి తీసుకెళ్ళి బోర్లించేసింది.

కొన్నాళ్ళ పాటు యుస్రాను ఎండలో కట్టడం, విప్పి పని చేయించడం సాగింది. ఆమె మాట మార్చలేదు, ఎవరి పేరూ చెప్పలేదు. చివరికి, అలా బాధలు పడుతున్న బానిసల్ని కొని విడిపిస్తున్న, ఆ ఒక్క దేవుణ్ణి నమ్మిన విశ్వాసి ఒకడు వచ్చి కురైజ్‌తో బేరం కుదుర్చుకున్నాడు. వెళ్ళేముందు యుస్రా వంటింట్లోకి వచ్చింది. అక్కడ ఇంకెవరూ లేరు.

"అమ్మగారూ, మీగడ తీయకుండా ఉంచిన పాలు గూట్లో ఉన్నాయి. పిల్లి తాగకుండా చూసుకోండి," అంది. అంతే. పిలుపు మారిన సంగతి జుమానాకు ఆమె గుమ్మం దాటాక గానీ తట్టలేదు.

కురైజ్ స్నేహితులతో గొప్పగా చెప్పుకునేవాడు. "ఆ పిచ్చి నా ఇంట్లో ఒక్క బానిసకే పట్టింది. నా భార్య మాత్రం మేలిమి బంగారం. తాడు తెమ్మంటే మారు మాట్లాడకుండా తెచ్చింది." వాళ్ళు మెచ్చుకోలుగా తల ఊపేవారు. లోపలి గదిలో జుమానా చెవులు మూసుకుని కూర్చునేది. నమాజు మానలేదు. ఒక్కతే, గోడ వైపు తిరిగి, పెదాలు కదపకుండా చేసుకునేది. నుదురు నేలకు ఆనించిన ప్రతిసారీ చల్లదనానికి బదులు తాడు గరుకే తగిలేది.

బలవంతం మీద నోరు జారినవాళ్ళకు, గుండెలో విశ్వాసం చెక్కుచెదరకపోతే, తప్పు లేదన్న మాట అప్పట్లో విశ్వాసుల మధ్య పాకింది. కాల్చిన ఇనుము ఆనిస్తే, ఎండకు మాడబెడితే, నోటికొచ్చింది అనేసినవాళ్ళ కోసం వచ్చిన మాట అది. జుమానా కూడా దాన్ని పట్టుకుని కొన్నాళ్ళు గడిపింది. ఒకరోజు బార్లీ చెరుగుతుండగా ఆమెకు ఉన్నట్టుండి తోచింది, తన మీద ఎవరూ చెయ్యి వెయ్యలేదు. కనీసం గదమాయించను కూడా లేదు. తెలుసా అని అడిగారు, అంతే. చేట కింద పెట్టి కొంగు మొహానికి కప్పుకుంది. తప్పు లేదన్న మాట తనది కాదు. ఇన్నాళ్ళూ పరాయివాళ్ళ కంచంలో తిన్నట్టనిపించింది.

విశ్వాసులు కొందరు సముద్రం దాటి హబషాకు వెళ్ళారు. తర్వాత ఒక్కొక్కరే, కుటుంబాలకు కుటుంబాలే ఉత్తరాన ఉన్న యస్రిబ్‌కు తరలిపోయారు. మక్కాలో ఇళ్ళ తలుపులు గాలికి కొట్టుకునేవి. జుమానా ప్రతి ఏడూ వెళ్ళాలనుకునేది, ప్రతి ఏడూ ఏదో ఒకటి అడ్డం వచ్చేది. అత్తగారికి జబ్బు చేసేది, కురైజ్ ఊళ్ళో ఉండేవాడు కాదు, ఉంటే ఇంకా భయం. చివరికి మక్కావాళ్ళకూ వలసపోయిన విశ్వాసులకూ మధ్య యుద్ధాలు ఆగి సంధి కుదిరిన మరుసటి ఏడు, తాయిఫ్ దారిలో జ్వరం తగిలి కురైజ్ చనిపోయాడు. అదుపు చేసేవాడు పోయాక, భయపడాల్సిన పని లేకుండా పోయాక, ఆమె బయల్దేరింది. ఆ సంగతి దారి పొడుగునా ఆమెను పొడుస్తూనే ఉంది.

యస్రిబ్‌ను అప్పటికి మదీనా అంటున్నారు. అక్కడ ఖర్జూర తోట ఉన్న కబ్షా అనే వితంతువు ఆమెకు ఇంట్లో చోటిచ్చింది. కబ్షా నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది.

"నువ్వు ఎప్పుడు విశ్వసించావమ్మా?" అని అడిగింది మొదటి రోజే.

"మొదట్లోనే," అంది జుమానా. "బాహాటంగా చెప్పడం మొదలుపెట్టిన కొత్తలోనే."

అది అబద్ధం కాదు. కానీ కబ్షా దాన్ని ఆ సాయంత్రానికే పేటంతా చాటేసింది. "మా ఇంట్లో ఎవరున్నారనుకున్నారు? మేం యస్రిబ్‌లో రాళ్ళకు మొక్కుతున్న రోజుల్లోనే మక్కాలో నమాజు చేసిన మనిషి! మొగుడి కళ్ళుగప్పి ఇన్నేళ్ళు విశ్వాసం కాపాడుకుందంటే మాటలా?"

అక్కడ ముందు విశ్వసించినవాళ్ళకు ఉన్న గౌరవం ధనానికీ లేదు, వంశానికీ లేదు. ఆడవాళ్ళు ఆమెను చూడ్డానికి వచ్చారు. అలా వచ్చినవాళ్ళలో యుస్రా ఉంది.

బావులు తవ్వే ఒక స్వతంత్రుణ్ణి పెళ్ళాడి ఆమె ఆ పేటలోనే ఉంటోంది. ఒళ్ళు చేసింది, జుట్టు నెరిసింది. ఎవరు మాట్లాడినా ఎడమ చెవి అటు తిప్పి వింటోంది.  తనే వచ్చి జుమానా పక్కన కూర్చుంది.

"ఎలా ఉన్నావక్కా? చిక్కిపోయావు," అంది.

"మీరిద్దరూ ఎరిగినవాళ్ళా?" అని ఆశ్చర్యపోయింది కబ్షా.

"ఒకే ఊరు కదా," అంది యుస్రా.

కొత్తగా పెళ్ళయిన ఒకమ్మాయి కళ్ళు పెద్దవి చేసుకుని ముందుకు జరిగింది. "మీరు ఎన్ని బాధలు పడి ఉంటారో కదా పెద్దమ్మా! మీ ఇంట్లో ఎవరినైనా కొట్టారా?"

 చెప్పడానికి ఇంతకన్నా మంచి సమయం లేదని జుమానాకు తెలుసు. ఒళ్ళో చేతులు నలుపుకుంటూ తల దించుకుంది. చూసినవాళ్ళు ఆ మౌనాన్ని వినయం అనుకున్నారు. "చూశారా, చెప్పుకోవడం కూడా ఇష్టం లేదు," అంది ఒకామె.

"ఆ రోజులు అందరికీ కష్టమే," అంది యుస్రా. కబ్షా అల్లుతున్న ఖర్జూరాకు చాప వంక చూస్తూ మాట మార్చేసింది. "ఈ ఏడు నీ తోటలో గెలలు బాగా పడ్డాయా కబ్షా?"

ఆమె తనను రెండోసారి కాపాడుతోందని జుమానాకు అర్థమైంది. మొదటిసారి రోకలిబండ కింద, రెండోసారి నలుగురి మధ్య. అర్థమై కూడా నోరు విప్పలేదు. రోజులు గడిచిన కొద్దీ విప్పడం ఇంకా కష్టమైంది. బాలింతలు బిడ్డల్ని తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టి దీవించమనేవారు. పండుగనాడు మొదటి ముద్ద ఆమెకే పెట్టేవారు. ఆమె తినేది. ఆ తిండి ఒంటికి పట్టేది కాదు.

పేటలోని చిన్న మసీదులో మగవాళ్ళ వెనక ఆడవాళ్ళు వరుసలు కట్టేవారు. యుస్రా ఎప్పుడూ మొదటి వరుసలో, ఎడమ చెవి ముందుకు పెట్టి నిలబడేది. అక్కడైతేనే వల్లించేది ఆమెకు వినబడేది. ఒకరోజు పొద్దుగూకే వేళ నమాజుకు జనం ఎక్కువగా వచ్చారు. జుమానా ఆలస్యంగా వచ్చి చివర్న నిలబడబోతే కబ్షా చెయ్యి పట్టి ముందుకు లాక్కెళ్ళింది.

"కొంచెం వెనక్కి జరుగు యుస్రా. ముందు నుంచీ ఉన్న మనిషిని వెనక నిలబెడతామా? మనకంటే ఎన్నేళ్ళు ముందు విశ్వసించింది!"

"నేను..." అంది జుమానా.

"నువ్వూరుకో. నీకు మొహమాటం ఎక్కువ."

యుస్రా ఏమీ అనలేదు. చాప చుట్టి చంకలో పెట్టుకుని, మనుషుల మధ్య నుంచి ఒదిగి వెనక్కి వెళ్ళిపోయింది. గోడ పక్కన, ఒక్క అక్షరం కూడా వినబడని చోట నిలబడింది.

జుమానా ఆ ఖాళీలో నిలబడింది. అందరితో పాటు వంగింది, అందరితో పాటు నుదురు నేలకు ఆనించింది. ఏం వల్లించారో ఆమె చెవికి ఎక్కలేదు. నమాజు ముగిసి మగవాళ్ళు లేచి వెళ్ళాక, ఆడవాళ్ళు చాపలు దులుపుకుంటుండగా ఆమె అక్కడే కూర్చుని గట్టిగా అంది.

"అది నా చోటు కాదు. యుస్రాదే."

"మళ్ళీ మొదలుపెట్టావా?" అని కబ్షా నవ్వబోయింది.

"నాకు నమాజు నేర్పింది అది. అది నా ఇంటి బానిస. మా ఆయన దాని చెవి పగలగొట్టినరోజు నేను పక్కనే ఉన్నాను. నీకు తెలుసా అంటే తెలీదన్నాను. దాని చేతులు కట్టింది నేనే. నేనే ముడి వేశాను."

 దులుపుతున్న చాప ఒకామె చేతిలో అలాగే ఉండిపోయింది. కొత్త పెళ్ళికూతురు మెల్లగా ఒక అడుగు వెనక్కి వేసింది. కబ్షా మొహం ఎర్రబడింది. ఇన్నాళ్ళూ పేటంతా తిరిగి తను ఎవర్ని పొగిడిందో ఆమెకిప్పుడు తెలిసొచ్చింది.

ఒక ముసలామె జాలిపడి దగ్గరికొచ్చింది. "పోనీలేవే తల్లీ. విశ్వాసంలోకి వచ్చాక వెనకటివన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. మేమందరం ఏవేవో చేసినవాళ్ళమే."

"నేను అప్పటికే విశ్వాసంలో ఉన్నానమ్మా," అంది జుమానా. "మీరంతా రాకముందు చేశారు. నేను వచ్చాక చేశాను."

ముసలామె వెనక్కి వెళ్ళి తన చాప చుట్టుకుంది.

జుమానా బయటికొచ్చేసరికి యుస్రా తోట గోడ వారగా నడిచి వెళ్ళిపోతోంది. జుమానా పరుగులాంటి నడకతో వెళ్ళి ఆమె ఎడమ వైపుకు చేరింది. యుస్రా ఆగింది. కళ్ళలో కోపం ఉంది. ఇన్నేళ్ళలో ఆ కళ్ళలో కోపం జుమానా చూడటం అదే మొదలు.

"ఎందుకు చెప్పావు? నాకోసమా, నీ బరువు దించుకోవడానికా?"

"తెలీదు."

"నా చెవి ఎలా పోయిందో ఇక్కడ ఎవరికీ చెప్పుకోలేదు. అది నాకూ నా దేవుడికీ మధ్య దాచుకున్నది. ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ నన్ను కూర్చోబెట్టి అడుగుతారు. అయ్యో పాపం అంటారు. ఇన్నాళ్ళకి ఒక ఇంటి ఇల్లాలినయ్యాను. మళ్ళీ నన్ను మీ ఇంటి బానిసని చేశావు."

ఆ మాట జుమానా ఊహించలేదు. చెప్పేస్తే నలుగురిలో తన పరువే పోతుందని మాత్రమే అనుకుంది. "తప్పయిపోయింది," అంది. ఆ మాట అంత చిన్నదిగా ఎప్పుడూ వినపడలేదు.

 యుస్రా నెమ్మదిగా అంది. "తెలీదన్నావు, తాడు తెచ్చావు. అవి ఎప్పుడో వదిలేశానక్కా. అతనికి భయపడ్డావు, నేనైనా ఏం చేసేదాన్నో. కానీ నువ్వు నా పక్క నుంచి లేవడం నాకు తెలిసింది. సజ్దాలో ఉన్నా నీ బట్ట చప్పుడు విన్నాను. అప్పటికి రెండు చెవులూ బాగానే ఉన్నాయిగా. ఎందుకు లేచావో తెలీలేదు. నన్ను తట్టి ఉంటే బాగుండేది."

జుమానా ఆ ఒక్క సంగతీ ఎవరికీ తెలియదనుకుంది. ఇందాక మసీదులో అన్నీ చెప్పిన నోరు దాన్ని మాత్రం మింగేసింది. ఆమె గోడకు ఆనుకుంది. యుస్రా ఆమెను ఓదార్చలేదు, తిట్టనూ లేదు. "చీకటి పడుతోంది, ఇంటికి పో," అని తన దారిన తను వెళ్ళింది.

కబ్షా ఆమెను ఇంట్లోంచి పొమ్మనలేదు. వేళకు అన్నం పెట్టేది, మాట మాత్రం పొదుపు చేసింది. వచ్చినవాళ్ళకు ఆమెను చూపించడం మానేసింది. పసిబిడ్డల్ని ఒళ్ళో పెట్టేవాళ్ళూ తగ్గారు. జుమానా ఆఖరి వరుసకు మారిపోయింది. యుస్రా భయపడ్డట్టే ఆడవాళ్ళు ఆమెను గుచ్చి గుచ్చి అడిగారు. ఆమె విసుక్కుని కొన్నాళ్ళు మసీదుకు రావడమే మానుకుంది. అది కూడా జుమానా లెక్కలోనే పడింది. ఇద్దరూ ఎదురుపడితే పలకరించుకునేవారు. అంతకు మించి దగ్గర కాలేదు. తర్వాత విశ్వాసుల సైన్యాలు ఉత్తరానికి కదిలినప్పుడు యుస్రా భర్త బావులు తవ్వే పని మీద సిరియా వైపున్న షామ్ దేశానికి వెళ్ళాడు. ఆమె అతనితో వెళ్ళిపోయింది. వెళ్ళేముందు పేటలో అందరి ఇళ్ళకూ వచ్చినట్టే కబ్షా ఇంటికీ వచ్చింది. జుమానా చేతిలో కాసిని ఖర్జూరాలు పెట్టి, ఆరోగ్యం చూసుకోమంది.

విశ్వాసం అప్పటికి ఎడారి దాటి ఎక్కడెక్కడికో పాకింది. యమన్ నుంచీ, ఇరాక్ నుంచీ భాష సరిగా రాని ఆడవాళ్ళు మదీనాకు వచ్చేవారు. తొలినాటి మనుషుల్ని చూడాలని వాళ్ళకు ఆశ. ఎవరైనా పొరపాటున జుమానా దగ్గరికి పంపితే, ఆమె ముందు ఆ కొట్లో జరిగింది చెప్పేది. లేచిపోయిన సంగతితో సహా. అది విన్నాక కొందరు మర్యాదగా సెలవు తీసుకునేవారు. ఉండిపోయినవాళ్ళకు నమాజు నేర్పేది, తనకు నేర్పినట్టే, ఒక్కో మాటా మళ్ళీ మళ్ళీ అనిపిస్తూ.

వానలు పడక నేల బూడిదైన కరువు ఏట ఆమె చనిపోయింది. చివరిదాకా ఆమెతో ముభావంగానే ఉన్న కబ్షా, కడసారి స్నానం చేయించడానికి వచ్చిన ఆడవాళ్ళందర్నీ బయట కూర్చోమని, తలుపు దగ్గరగా వేసి, తనొక్కతే ఆ పని చేసింది.